వెన్నలో నానిన టీ

పొయ్యి మీద టీ మరుగుతుంటే ఆ వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. దానికి మనం మురిసిపోతాం గానీ, గుమ్మం దాకా వచ్చిందంటే గిన్నెలోంచి పోయినట్టే లెక్క. పాలూ నీళ్లూ పోసి, పొడి వేసి, రెండు మూడు పొంగులు రానిచ్చే మన పద్ధతిలో టీ ఆకు పరిమళంలో పెద్ద భాగం ఆవిరితో పాటే గాల్లో కలిసిపోతుంది. కప్పులోకి దిగేది ఎక్కువగా రంగు, వగరు, కాస్త చేదు, కెఫీన్. వాటికి పాలూ పంచదారా తోడై మనకు అలవాటైన టీ తయారవుతుంది. అది గొప్ప పానీయమే, సందేహం లేదు. కానీ టీ ఆకు ఇవ్వగలిగినదాంట్లో అది సగమే. రెండో సగం కావాలంటే ఆకుని నీళ్లకు బదులు కొవ్వుకు అప్పగించాలి. ఇంట్లో ఆ పని చెయ్యడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేలికైన దారి షార్ట్‌బ్రెడ్. వెన్న, పంచదార, పిండి, ఈ మూడింటితోనే చేసే స్కాట్లాండ్ బిస్కట్ అది.

ముందు ఆకు సంగతి చూద్దాం. తేయాకులో మనకు పనికొచ్చే పదార్థాలు రెండు జట్లుగా ఉంటాయి. మొదటి జట్టు పాలీఫినాల్స్. లేత ఆకుని ఎండబెట్టి తూస్తే బరువులో నాలుగో వంతుకు పైగా ఇవే. నోట్లో వగరు పుట్టించేవి కూడా ఇవే. మన లాలాజలంలో నోటికి జారుడు గుణాన్నిచ్చే ప్రొటీన్లు ఉంటాయి. పాలీఫినాల్ అణువులు వాటిని పట్టుకుని గుంపులు కట్టిస్తాయి. జారుడు పోతుంది, నాలుక బిరుసెక్కుతుంది. పచ్చి అరటికాయ కొరికినా, దోర నేరేడు పండు తిన్నా జరిగేది ఇదే. కెఫీన్‌ని కూడా ఈ జట్టులోనే వేసుకోవచ్చు. ఎండిన ఆకు బరువులో అది రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. పాలీఫినాల్స్‌కీ కెఫీన్‌కీ వేడి నీళ్లంటే ఇష్టం. కొవ్వులోకి దిగడానికి మాత్రం ఒప్పుకోవు.

రెండో జట్టు పరిమళ అణువులది. రకాల్లో ఇవి వందలు. బరువులో మాత్రం అన్నీ కలిపినా ఎండు ఆకులో ఒక శాతంలో పదో వంతు కూడా ఉండవు. లినలూల్ అనేది వీటిలో ముఖ్యమైనది. ధనియాలు దంచుతుంటే వచ్చే కమ్మని వాసనలో సింహభాగం దీనిదే. జెరానియాల్ మరొకటి, గులాబీలో ఉండేది. చెట్టు మీద ఉన్నంతసేపూ వీటిలో చాలా భాగం చక్కెర అణువులకు అతుక్కుని ఉంటుంది, అప్పుడు వాటికి వాసనే ఉండదు. ఆకుని కోసి వాడబెట్టి నలిపినప్పుడు కణాలు చితికి, ఎంజైములు వచ్చి ఆ బంధాన్ని తెంచుతాయి. పచ్చి ఆకుని నలిపి చూస్తే పసరు వాసన తప్ప టీ వాసన తెలియకపోవడానికి ఒక కారణం ఇది.

ఇక్కడ డార్జిలింగ్ సంగతి ఒకటి చెప్పాలి. మే, జూన్ నెలల్లో కోసే అక్కడి రెండో కోత ఆకుకి ద్రాక్షపండుని తలపించే ప్రత్యేకమైన వాసన ఉంటుంది. అది రావడంలో పచ్చదోమకు భాగం ఉంది. మన పత్తి చేలలో రసం పీల్చి రైతుని ఏడిపించే పచ్చదోమకు దగ్గర చుట్టం అది. అది లేత ఆకుని కుట్టినప్పుడు మొక్క ఆత్మరక్షణ కోసం హోట్రియెనాల్ లాంటి పదార్థాలు తయారు చేసుకుంటుంది. పురుగు మీద మొక్క పోరాటమే మనకు పరిమళమై అందుతుంది. నాకు తేయాకు శాస్త్రంలో ఇంతకన్నా అందమైన విషయం కనపడలేదు.

లినలూల్, జెరానియాల్, హోట్రియెనాల్, ఇవన్నీ నీళ్లలో కొద్దిగా మాత్రమే కరుగుతాయి. కొవ్వులో మాత్రం హాయిగా కలిసిపోతాయి. మొదటి జట్టు స్వభావానికి ఇది నేరుగా ఎదురు. అందుకే టీ ఆకుని నీళ్లలో వేస్తే వగరు దిగుతుంది, వాసన ఎగిరిపోతుంది. కరిగిన వెన్నలో వేస్తే వాసన దిగుతుంది, వగరు ఆకులోనే ఉండిపోతుంది. అయితే బజారు వెన్నంతా కొవ్వు కాదు. మన దేశంలో నిబంధన ప్రకారం టేబుల్ బటర్‌లో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదు, నీరు 16 శాతానికి మించకూడదు. ఆ కాస్త నీటిలోకి కాస్త వగరు, కాస్త రంగు దిగుతాయి. అది కూడా వద్దనుకుంటే నెయ్యి వాడొచ్చు, దాంట్లో నీరు లేనట్టే. సూరత్ నాన్‌ఖటాయీ నెయ్యితో చేసేదే కదా. కానీ కాచిన నేతికి తనదైన ఘాటు వాసన ఉంది. సున్నితమైన ఆకు దాని ముందు నిలవదు. నా ఓటు వెన్నకే.

ఇంట్లో చిలికిన వెన్న వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. పెరుగు చిలికి తీసిన వెన్నలో మజ్జిగ చిక్కుకుని ఉంటుంది, దాంతో నీటి పాలు బజారు వెన్నకన్నా ఎక్కువవుతుంది. చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, గట్టిగా పిండి, నీరు కారడం ఆగాకే తూచుకోవాలి. నీటి గురించి ఇంత పట్టింపు ఎందుకో పిండి దగ్గరికి వెళ్తే అర్థమవుతుంది.

మైదాలో సుమారు పది శాతం ప్రొటీన్. అందులో గ్లూటెనిన్, గ్లయడిన్ అని రెండు రకాలు ముఖ్యమైనవి. నీరు తగలగానే ఇవి ఒకదానికొకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అల్లుతాయి. పరోటా ముద్ద రబ్బరులా సాగేది ఆ వల వల్లే. షార్ట్‌బ్రెడ్‌లో మనకు కావలసింది దానికి పూర్తిగా విరుద్ధం. కొరికితే సాగకూడదు, విరగాలి, నోట్లో పొడి పొడిగా విచ్చుకోవాలి. దానికి ఉపాయం మన వంటింటికి కొత్తదేమీ కాదు. జంతికల పిండిలో వెన్నపూస వేసి, లేదా కాగిన నూనె పోసి, నీళ్లు తగిలించకముందే పిండినంతా చేత్తో పట్టించి మరీ కలుపుతాం. అలా చేస్తేనే జంతిక గుల్లగా వస్తుందని పెద్దవాళ్లకు తెలుసు. ప్రతి పిండి రేణువు చుట్టూ కొవ్వు పొర కట్టేసి నీటిని దగ్గరకు రానివ్వకపోవడమే ఆ గుల్లదనానికి కారణం. షార్ట్‌బ్రెడ్‌లో ఇదే పని చివరికంటా చేస్తాం, అసలు నీళ్లే పొయ్యం.

స్కాట్లాండ్‌లో వాడుకలో ఉన్న కొలత గుర్తుంచుకోవడం తేలిక. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, పిండి మూడు వంతులు, అన్నీ బరువులోనే. 50 గ్రాముల పంచదార, 100 గ్రాముల వెన్న, 150 గ్రాముల పిండి అనుకుందాం. ఈ ముద్దలో విడి నీరంటూ ఉంటే వెన్న తెచ్చిన 16 గ్రాములే. ఇంతే గోధుమ పిండిని చపాతీలకు కలిపితే 90 గ్రాముల నీళ్లయినా పడతాయి. ఆ తేడాలోనే బిస్కట్ స్వభావమంతా ఉంది. స్కాట్లాండ్ వాళ్లు మైదాలో కొంత తీసేసి దాని బదులు బియ్యప్పిండి కలపడం కూడా ఎప్పటినుంచో ఉంది. బియ్యంలో గ్లూటెన్ ఉండదు, పైగా పిండి రేణువులు పంటికి తగిలి చిన్న కరకర ఇస్తాయి. 150 గ్రాముల్లో 30 గ్రాములు బియ్యప్పిండి వేస్తే చాలు. మెత్తగా మర పట్టించింది అయితే మంచిది. రవ్వగా ఉంటే ఇసుక తగిలినట్టుంటుంది.

చాలామందికి మొదట తట్టే ఆలోచన చిక్కటి డికాషన్ కాచి పిండిలో పొయ్యడం. అది చెయ్యకండి. పోసిన ప్రతి చెంచా డికాషన్ గ్లూటెన్ వలకు ఊతం ఇస్తుంది, బిస్కట్ గట్టిపడుతుంది. డికాషన్‌లోని పరిమళం కాచేటప్పుడే సగం పోయింది. ఇక మిగిలింది వగరు, దాన్ని ఏరికోరి తెచ్చి పిండిలో కలిపినట్టవుతుంది. టీ బిస్కట్‌కి టీ నీళ్లు అక్కర్లేదు, టీ ఆకు కావాలి.

ఏ ఆకు? మన ఇళ్లలో డబ్బాలో ఉండేది దాదాపుగా సీటీసీ పొడి. 1930ల తొలి ఏళ్లలో అస్సాంలో విలియం మెకర్చర్ రూపొందించిన యంత్రంతో మొదలైన పద్ధతి అది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకుని చితక్కొట్టి, చింపి, చిన్న గుళికలుగా చుట్టేస్తుంది. కణాలన్నీ ఒక్కసారే చితకడం వల్ల ఆక్సీకరణ వేగంగా సాగి, పాలు పోసినా తగ్గని రంగూ పదునూ వస్తాయి. దానికి చెల్లించే మూల్యం పరిమళం. పాల టీకి సీటీసీని మించింది లేదు, బిస్కట్‌కి అది రెండో ఎంపికే. చేతికి దొరికితే ఆకు ఆకుగా ఉండే ఆర్థడాక్స్ టీ, అంటే డార్జిలింగ్, నీలగిరి లేదా అస్సాం ఆర్థడాక్స్ తీసుకోండి.

అన్నిటికన్నా బాగా పండేది మాత్రం అర్ల్ గ్రే. 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్ల్స్ గ్రే పేరు మీద చలామణీ అవుతున్న టీ ఇది. నల్ల టీ ఆకుకి బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె పట్టిస్తారు. ఆ పండు తోటలు ఎక్కువగా ఇటలీ దక్షిణ కొసన ఉన్న కలాబ్రియాలోనే. ఆ నూనెలో లిమొనీన్, లినలైల్ అసిటేట్, లినలూల్ దండిగా ఉంటాయి. అదీగాక ఈ నూనె ఆకు కణాల లోపల దాగి ఉండదు, పైపైనే అంటి ఉంటుంది. వెన్న తగలడమే ఆలస్యం, అందులోకి దిగిపోతుంది.

టీకీ షార్ట్‌బ్రెడ్‌కీ ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1823లో అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్ల దగ్గర తేయాకు మొక్కల ఆనవాలు పట్టిన రాబర్ట్ బ్రూస్ స్కాట్లాండ్ వాడు. 1848 తర్వాత చైనా నుంచి మొక్కల్నీ విత్తనాల్నీ మన హిమాలయ ప్రాంతానికి చేరవేసిన రాబర్ట్ ఫార్చ్యూన్ కూడా స్కాట్లాండ్ వాడే. 1867లో సింహళంలోని లూల్‌కందూరలో తేయాకు తోట వేసిన జేమ్స్ టేలర్, టీని సామాన్యుడి ధరకు అమ్మిన గ్లాస్గో వర్తకుడు థామస్ లిప్టన్, వీళ్లదీ ఆ చిన్న దేశమే. సింగ్‌ఫోలకు తరతరాలుగా తెలిసిన ఆకు అది. తోటల్లో చెమటోడ్చినవాళ్లు ఛోటానాగ్‌పూర్ నుంచీ, మన తూర్పు కొండల నుంచీ, తమిళ పల్లెల నుంచీ వెళ్లిన కూలీలు. ఆ పేర్లు చెప్పుకున్నప్పుడు వీళ్లని వదిలెయ్యడం న్యాయం కాదు.

ఇక మిక్సీ దగ్గరికి వద్దాం. 150 గ్రాముల పిండికి ఆరు గ్రాముల టీ ఆకు, అంటే సుమారు మూడు చెంచాలు, సరిపోతుంది. ఆకుని ఒంటరిగా వేసి తిప్పితే జార్ గోడలకు ఎగిరి కూర్చుంటుంది, ఎంతసేపు తిప్పినా పలుకు మిగులుతుంది. కొలిచిన పంచదార మొత్తం దాంతో పాటే వెయ్యాలి. పంచదార పలుకుల అంచులు పదునైనవి, ఆకుని అవే కోసుకుంటూ పోతాయి. చితికినప్పుడు బయటపడే నూనెను పంచదార పొడి పీల్చుకుంటుంది కూడా. ఆగి ఆగి తిప్పండి. ఒకే పట్టున తిప్పితే జార్ వేడెక్కి పరిమళం మూత తియ్యగానే ఎగిరిపోతుంది. తిప్పడం అయ్యాక వెంటనే మూత తియ్యకుండా రెండు నిమిషాలు అలా ఉంచితే పొడి కిందకి దిగుతుంది. తీసి చూస్తే పంచదార బూడిద రంగులో, ముట్టుకుంటే పౌడర్‌లా మెత్తగా ఉంటుంది. సన్నటి జల్లెడలో జల్లిస్తే పైన గోధుమ రంగు పీచు కొంచెం మిగులుతుంది. ఆకు ఈనెలూ కాడలూ అవి. వాటిలో వాసన తక్కువ, పళ్లలో ఇరుక్కోవడం ఎక్కువ, పారెయ్యండి.

ఆకునే నమిలి తింటున్నాం కదా, వగరు మాటేమిటి అని అడగొచ్చు. పాలీఫినాల్స్ ఆకు రేణువులోంచి బయటికి రావాలంటే నీరు కావాలి. బిస్కట్‌లో నీరు లేదు. నోట్లో లాలాజలం ఉంది గానీ, కరిగిన వెన్న ముందే నాలుక మీద పొర కడుతుంది. లాలాజలం పని మొదలుపెట్టేసరికి ముక్క గొంతు దిగిపోతుంది. అందువల్ల ముందు పరిమళం, తర్వాత వెన్న కమ్మదనం, ఆఖర్న నాలుక చివర సన్నని వగరు వస్తాయి. ఆ వగరు కూడా ఉండాలి. అది లేకపోతే తిన్నది టీ బిస్కట్ అనిపించదు, ఏదో సెంటు బిస్కట్ అనిపిస్తుంది.

ఇంట్లో సీటీసీ తప్ప మరొకటి లేకపోతే రెండో పద్ధతి మేలు. వెన్నని సన్నటి సెగ మీద కరిగించి, పొయ్యి కట్టేసి, పొడి వేసి పావుగంట మూత పెట్టి ఉంచాలి. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టి పిండాలి. పొడి కొంత వెన్నని తాగేస్తుంది కనుక మళ్లీ తూచి, తగ్గినంత చేర్చాలి. తర్వాత గరిటెతో కలుపుతూ చల్లార్చాలి, లేకపోతే నీరు అడుక్కి చేరి వెన్న విరిగిపోతుంది.

వెన్న మెత్తదనం దగ్గర మన ఊళ్ల ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. విదేశీ వంట పుస్తకాల్లో వెన్నని గది వేడికి రానివ్వమని రాస్తారు. ఆ గది వేడి ఇరవై డిగ్రీల చిల్లర. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో వంటింట్లో వెన్నని గది వేడికి తెస్తే అది నూనె అయి కూర్చుంటుంది. పాల కొవ్వు ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరిగే పదార్థం కాదు, రకరకాల కొవ్వుల కలబోత. ఫ్రిజ్‌లో దాదాపు సగం గట్టిగా ఉంటుంది, ఇరవై డిగ్రీల దగ్గర ఐదో వంతు మాత్రమే గట్టి, ముప్పై ఐదు దాటితే పూర్తిగా ద్రవం. కరిగిన వెన్న పిండిలోకి ఇంకిపోయి బిస్కట్ జిడ్డుగా, పళ్లెంలో పరుచుకుపోయి వస్తుంది. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలికి అంటుకుని జారకూడదు. ఆ దశలోనే టీ పంచదార వేసి కలిపి, పిండీ బియ్యప్పిండీ చేర్చి, వేళ్ల కొసలతోనే కలపాలి. అరచేతి వేడి దానికి పడదు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, తడితే విచ్చుకునేలా ఉంటే సరైన పాకాన పడినట్టు. వేలెడు మందాన వత్తి, ముక్కలు కోసి, ఫోర్కుతో పొడిచి, కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ అరగంటలో వెన్న గడ్డకట్టడమే కాకుండా, ఆకు రేణువుల్లోని పరిమళం చుట్టూ ఉన్న కొవ్వులోకి ఇంకుతూ పోతుంది. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది.

ఓవెన్‌లో వెన్న కరిగి, ఉన్న కాస్త నీరు ఆవిరై వెళ్తుంది. ఫోర్కు గాట్లు దానికి దారి. లినలూల్ 198 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లిమొనీన్ 176 దగ్గర. ఓవెన్ 150 దగ్గర ఉంటే అవి భద్రమేనా అంటే పూర్తిగా కాదు. మరిగే అంకె చేరకపోయినా నీటి ఆవిరి వెళ్తూ వెళ్తూ వాటిని కొంత పట్టుకుపోతుంది. నిమ్మగడ్డి నుంచి నూనె తీసేది ఈ సూత్రంతోనే. కానీ ఇక్కడ ఆవిరి తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు వాటిని పట్టి ఉంచుతుంది. బిస్కట్ మందంగా ఉంటే, వేడి తక్కువగా ఉంటే పోయేది ఇంకా తగ్గుతుంది. 150 డిగ్రీల దగ్గర ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. అంచులు మాత్రం లేత గోధుమ రంగుకి రావాలి, నడిమి భాగం పాలిపోయి ఉన్నా ఫరవాలేదు. ప్రొటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి ఎర్రబడే చర్యని 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ వివరించాడు. వేరుశనగలు వేయించినప్పుడు వచ్చే కమ్మదనమంతా దానిదే. మామూలు బిస్కట్‌కి అది ప్రాణం. ఈ బిస్కట్‌లో మాత్రం అది మితిమీరితే టీ వాసనని మింగేస్తుంది. బాగా ఎర్రగా కాల్చిన టీ బిస్కట్‌లో టీ ఉండదు.

ఓటీజీ లేనివాళ్లు కుక్కర్‌లో ఉప్పో ఇసుకో పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి చేసుకోవచ్చు. అందులో వేడి కిందనుంచే వస్తుంది కనుక అడుగున టీ రేణువులు మాడి చేదెక్కే ప్రమాదం ఎక్కువ. స్టాండు మీద రెండు పళ్లేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, సెగ బాగా తగ్గించాలి.

మాచా పొడి, గ్రీన్ టీ వేసేవాళ్లకు రంగు దగ్గర నిరాశ తప్పదు. ఆకుపచ్చదనం క్లోరోఫిల్‌ది, దాని నడిమధ్య ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడికి అది ఊడిపోతుంది, రంగు చింత చిగురు ఉడికినప్పటి రంగులోకి దిగుతుంది. వేడి ఎంత తగ్గిస్తే అంత నిలుస్తుంది.

ఉప్పు మర్చిపోవద్దు. 1997లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఒక ప్రయోగంలో చేదూ తీపీ కలిసిన ద్రావణంలో సోడియం లవణం చేర్చితే చేదు అణగి తీపి పైకి వచ్చింది. హైదరాబాద్ ఉస్మానియా బిస్కట్‌లో తీపి వెంట ఉప్పు తగలడం ఎంత తెలివైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉప్పు లేని వెన్న వాడితే రెండు చిటికెలు వెయ్యండి. యాలకుల టీ ఇష్టమైతే యాలకుల గింజలు నాలుగు టీ ఆకుతో పాటే మిక్సీలో పడొచ్చు. వాటి పరిమళం కూడా కొవ్వులో కరిగేదే. అందులో ఉండే సినియోల్ నీలగిరి తైలంలో ఉండేదే. అల్లం టీ రుచి కావాలంటే మాత్రం పచ్చి అల్లం వద్దు, నీరు తెస్తుంది. శొంఠి వెయ్యండి. ఎండేటప్పుడు అల్లంలోని జింజెరాల్ కొంత షోగోల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు, కనుక పావు చెంచా దాటనక్కర్లేదు.

పిల్లలకు పెట్టొచ్చా అనే ప్రశ్నకు చిన్న లెక్క చాలు. ఆరు గ్రాముల ఆకులో మూడు శాతం చొప్పున 180 మిల్లీగ్రాముల కెఫీన్. పదిహేను గ్రాముల బిస్కట్లు ఇరవై అవుతాయి, ఒక్కోదాంట్లో తొమ్మిది మిల్లీగ్రాములు. వేడికి కెఫీన్ చెక్కుచెదరదు. నాలుగైదు తింటే ఒక కప్పు టీ తాగినంత. చిన్నపిల్లలకు ఒకటి చాలు, అదీ సాయంత్రం లోపే.

చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టాలి. కోస్తా ఊళ్ల తేమకు ఒక్క పూటలో మెత్తబడతాయి. టీ పాలీఫినాల్స్ కొవ్వుల ఆక్సీకరణని నెమ్మదింపజేస్తాయి కనుక వెన్న కనరెక్కడం కొంత ఆలస్యమవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినవైతే తినేముందు కాసేపు బయట ఉంచండి. పరిమళ అణువులు కొవ్వులో ఉన్నాయి, ఆ కొవ్వు నోట్లో పూర్తిగా కరిగితేనే అవి విడుదలై గొంతు వెనక దారిన ముక్కుకి చేరతాయి. చల్లటి బిస్కట్ మీద చల్లటి నీళ్లు తాగితే వెన్న గడ్డగానే దిగిపోతుంది, వాసన లోపలే ఉండిపోతుంది. పక్కన వేడి టీ ఉంటే, ఒక గుక్క తాగాక కొరకండి.